ఒక్క పాట గాయని కాదు జానెట్ కే

1979 వేసవిలో, జమైకాలో పుట్టిన రెగే బాణీలోని ఒక పాట బ్రిటన్ సింగిల్స్ చార్టులో (ఒక్కో పాట రికార్డు అమ్మకాల వరుసలో) రెండో స్థానం దాకా వెళ్ళింది. పాట పేరు 'సిల్లీ గేమ్స్'. పాడిన జానెట్ కేకి అప్పటికి 21 ఏళ్ళు. పాప్ సంగీత చరిత్రలు ఆమెకు సాధారణంగా ఇచ్చే చోటు రెండు వాక్యాలే. ఈ పాట హిట్టయింది, తర్వాత ఆమె చార్టుల్లో పెద్దగా కనబడలేదు, అంతే. 'వన్ హిట్ వండర్' జాబితాల్లో ఆమె పేరు తప్పకుండా ఉంటుంది.

నాకు ఆ లెక్క మీదే అభ్యంతరం. ఎవరు వేసిన లెక్క అది? ఏ దుకాణాల అమ్మకాలు చూసి వేశారు? ఏ రకం పాటను గొప్పదన్నారు, దేన్ని తేలిక పాట అని పక్కన పెట్టారు? ఇవి విడదీసి చూడకపోతే జానెట్ కే జీవితం ఒక ఓటమి కథలా కనిపిస్తుంది. నిజానికి అది ఓటమి కథ కాదు.

జానెట్ 1958 జనవరి 17న వాయవ్య లండన్‌లోని విల్స్‌డెన్‌లో పుట్టింది. తల్లిదండ్రులది జమైకా. 1948లో బ్రిటన్ తెచ్చిన పౌరసత్వ చట్టం వలస రాజ్యాల ప్రజలకు అక్కడికి వచ్చి ఉండే హక్కు ఇచ్చింది. అదే ఏడాది జూన్‌లో 'ఎంపైర్ విండ్‌రష్' ఓడ కరీబియన్ దీవుల నుంచి కొన్ని వందల మందిని టిల్బరీ రేవులో దింపింది. తర్వాతి పదిహేనేళ్ళలో బస్సులు నడపడానికి, ఆస్పత్రుల్లో పని చేయడానికి, ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేయడానికి వేల కుటుంబాలు వచ్చాయి. ఆ కుటుంబాల్లో బ్రిటన్ గడ్డ మీదే పుట్టిన తరం జానెట్‌ది.

విల్స్‌డెన్, హార్ల్స్‌డెన్, నీస్‌డెన్ పక్కపక్కనే ఉండే పేటలు. బ్రిటన్‌లో రెగే వ్యాపారం చాలావరకు ఇక్కడి నుంచే నడిచింది. ట్రోజన్ రికార్డ్స్ నీస్‌డెన్ లేన్‌లో ఉండేది. పామర్ సోదరుల పామా రికార్డ్స్ హార్ల్స్‌డెన్‌లో ఉండేది. మనవాళ్ళకు ఈ ప్రాంతం మరో కారణంగా తెలిసి ఉండాలి. గ్రన్‌విక్ అనే ఫొటో ప్రాసెసింగ్ కంపెనీలో జయాబెన్ దేశాయ్ నాయకత్వాన, ఎక్కువమంది గుజరాతీ మహిళలు 1976 నుంచి 1978 దాకా చేసిన సమ్మె విల్స్‌డెన్‌లోనే జరిగింది. జానెట్ మొదటి రికార్డు చేసిన 1977లో ఆ సమ్మె నడుస్తూనే ఉంది. అప్పటికి ఆ వీధులు అంత వేడిగా ఉన్నాయి.

ఇక సంగీతం సంగతి. డెబ్బైల మధ్యకు వచ్చేసరికి జమైకా నుంచి వచ్చే రెగే చాలావరకు 'రూట్స్' రెగే. జమైకాలో పుట్టిన రాస్తఫారీ మత విశ్వాసం, ఆఫ్రికాకు తిరిగి పోవాలన్న కోరిక, బానిసత్వపు జ్ఞాపకం, పోలీసుల మీద కోపం దాని వస్తువులు. పాడేవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళు. లండన్‌లో పుట్టిన ఆడపిల్లలు ఈ పాటలు ఇష్టంగానే వినేవాళ్ళు, కానీ తమ సంగతులు చెప్పే పాట అందులో దొరికేది కాదు. ఇంట్లో రేడియో పెడితే అమెరికా నల్లజాతివాళ్ళ 'సోల్' సంగీతం వచ్చేది. ఫిలడెల్ఫియా, షికాగోల నుంచి వచ్చిన ఆ తీయటి ప్రేమ పాటల రాగాలు వాళ్ళకు కంఠతా వచ్చు. కింద జమైకా బేస్ గిటార్ బరువైన నాదం, పైన సోల్ రాగం, మధ్యలో లండన్ యాసలో ఓ పదిహేను, పదహారేళ్ళ అమ్మాయి గొంతు. ఈ మూడూ కలిసిందే 'లవర్స్ రాక్'.

మొదలు 1975 అని చెప్పుకోవచ్చు. లూయీసా మార్క్ అనే బడి వయసు అమ్మాయి పాడిన 'కాట్ యూ ఇన్ ఎ లై' ఆ ఏడాది వచ్చింది. దాన్ని చేయించిన లాయిడ్ కాక్సన్‌కు సొంత సౌండ్ సిస్టమ్, అంటే పార్టీల్లో రికార్డులు వేసే పెద్ద స్పీకర్ల ఏర్పాటు, ఉండేది. తర్వాత దక్షిణ లండన్‌లో డెన్నిస్ హ్యారిస్ తన రికార్డు లేబుల్‌కు 'లవర్స్ రాక్' అని పేరు పెట్టాడు. ఆ పేరే మొత్తం బాణీకి స్థిరపడింది. ఆ లేబుల్ మీద పాడిన 'బ్రౌన్ షుగర్' అనే ముగ్గురు అమ్మాయిల బృందంలో కేరన్ వీలర్ ఒకామె. 1989లో 'సోల్ టు సోల్' బృందం 'బ్యాక్ టు లైఫ్' పాటతో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళినప్పుడు ముందు నిలబడి పాడింది ఈ కేరనే. లవర్స్ రాక్‌ను చిన్న పక్కదారి అనేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు. ఆ దారిలో నడిచినవాళ్ళే తర్వాత పదేళ్ళకు బ్రిటిష్ సోల్ రూపురేఖలు మార్చారు.

జానెట్ ఇందులోకి వచ్చింది స్నేహితుల ద్వారా. 'అస్వాద్' అనే రెగే బృందంవాళ్ళ పరిచయంతో ఆమె ఆల్టన్ ఎల్లిస్‌ను కలిసింది. అరవైల జమైకాలో, రెగేకు ముందటి బాణీ అయిన రాక్‌స్టెడీ పాటలకు పేరుపడ్డ గాయకుడు ఎల్లిస్. అప్పటికి లండన్‌లో ఉంటూ తన రికార్డింగులకు ఒక ఆడ గొంతు కోసం చూస్తున్నాడు. ఆమె చేత పాడించిన పాట అమెరికన్ గాయని మినీ రిపర్టన్ పాడిన 'లవిన్ యూ'. ఎవరికైనా మొదటి రికార్డుకే అది సాహసం. అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళిన ఆ పాటలో రిపర్టన్ గొంతు ఈల స్థాయికి చేరుతుంది. పక్కన పెట్టి పోలుస్తారని తెలిసీ జానెట్ పాడింది. 1977 చివర్లో వచ్చిన ఆ రికార్డు బ్రిటన్ రెగే చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది.

ఇక్కడ డెన్నిస్ బొవెల్ గురించి చెప్పాలి. అతను లేకుండా 'సిల్లీ గేమ్స్' లేదు. 1953లో బార్బడోస్‌లో పుట్టి, పన్నెండేళ్ళ వయసులో లండన్ వచ్చాడు. 'మటూంబి' అనే రెగే బృందంలో గిటార్ వాయించేవాడు, సొంత సౌండ్ సిస్టమ్ నడిపేవాడు. 1974లో విల్స్‌డెన్ పక్కనే ఉన్న క్రికిల్‌వుడ్‌లో కరీబ్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసినప్పుడు అక్కడ పాటలు పెడుతున్నది బొవెల్. గొడవ రెచ్చగొట్టాడని కేసు పెట్టారు. కోర్టు మూడేళ్ళ శిక్ష వేసింది. ఆరు నెలలు జైల్లో ఉన్నాక అప్పీల్‌లో బయటపడ్డాడు. రికార్డులు మార్చుతూ నిలబడిన మనిషికి ఆరు నెలల జైలు.

అలాంటి మనిషి బయటికి వచ్చి ప్రేమ పాట రాశాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

'సిల్లీ గేమ్స్' వస్తువు చాలా చిన్నది. ఒకమ్మాయికి ఒకబ్బాయి అంటే ఎంతోకాలంగా ఇష్టం. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి చెప్పరు. ఈ దోబూచులాట ఇక నా వల్ల కాదు అంటుంది ఆమె. మాటలు మామూలు మాటలే. అసలు పనితనం కట్టడంలో ఉంది. ముందు డ్రమ్స్ వినాలి. ఆ రోజుల్లో జమైకా డ్రమ్మర్లు ఏటా ఓ కొత్త నడక తెచ్చేవాళ్ళు. లండన్ నుంచి కూడా ఒక నడక రావాలని బొవెల్ పట్టుదల. అస్వాద్ డ్రమ్మర్ యాంగస్ గే, అందరూ 'డ్రమ్మీ జెబ్' అని పిలిచేవాళ్ళు, హై-హాట్ అనే జంట తాళాల మీద ఆ నడకను వాయించాడు. మామూలు రెగేలో దెబ్బ బరువుగా మూడో మాత్ర మీద పడి ఆగుతుంది. ఇక్కడ హై-హాట్ గబగబా కదులుతూ ఉంటుంది, బేస్ మాత్రం తొందరపడదు. ఒకటి ఆత్రం, ఒకటి నిదానం. పాటలోని అమ్మాయి మనసులో ఉన్న టెన్షన్ అంతా ఈ రెండింటి మధ్య దూరంలో వినబడుతుంది.

ఆపైన ఆ స్వరం. పల్లవి చివర జానెట్ గొంతు ఒక్కసారిగా మామూలు మనిషికి అందనంత పైకి వెళ్తుంది. ఆ ఆలోచన ఒక టీవీ ప్రకటన చూసి వచ్చిందని బొవెల్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. మెమొరెక్స్ క్యాసెట్ కంపెనీవాళ్ళ ప్రకటనలో ఎల్లా ఫిట్జెరాల్డ్ గొంతుకు గాజు గ్లాసు పగిలిపోతుంది. పార్టీలో ఈ పాట పెడితే అక్కడున్న ఆడవాళ్ళంతా ఆ స్వరం అందుకోవడానికి ప్రయత్నిస్తారని అతను ముందే లెక్కేసుకున్నాడు. అతని లెక్క తప్పలేదు. 'లవిన్ యూ' పాడి నెగ్గిన గొంతుకు ఆ ఎత్తు కష్టం కాలేదు. ఇంత ఎత్తుకు వెళ్ళినా ఆ గొంతులో అరుపు ఉండదు. సన్నగా, కొంచెం బిడియంగా, పక్కవాళ్ళు వింటారేమో అన్నట్టు పైకి పోతుంది. ఇదే స్వరాన్ని బలమైన గొంతున్న గాయని ఎవరైనా పాడి ఉంటే అది విద్యాప్రదర్శన అయ్యేది. జానెట్ దాన్ని ఆ అమ్మాయి మనసులోంచి జారిన మాటలా పాడింది.

ఇప్పుడు చార్టుల సంగతికి వద్దాం. అసలు చిక్కుముడి అక్కడే ఉంది.

ఆ కాలంలో బ్రిటన్ అధికారిక చార్టు తయారయ్యే పద్ధతి ఇది. దేశంలోని అన్ని రికార్డు దుకాణాల అమ్మకాలూ లెక్కించేవాళ్ళు కాదు. ఎంచుకున్న కొన్ని దుకాణాలు వారం వారం ఏ రికార్డు ఎన్ని అమ్మామో డైరీలో రాసి పంపితే, వాటి నుంచి అంచనా కట్టేవాళ్ళు. రెగే రికార్డులు అమ్ముడుపోయేది ఎక్కడ? హార్ల్స్‌డెన్, బ్రిక్స్‌టన్, డాల్‌స్టన్, బర్మింగ్‌హామ్‌లోని హ్యాండ్స్‌వర్త్ లాంటి పేటల్లో, నల్లజాతివాళ్ళు నడిపే చిన్న దుకాణాల్లో, సంత అంగళ్ళలో. అవి చాలావరకు ఆ జాబితాలో లేవు. మన సినిమాకి మల్టీప్లెక్స్ టికెట్లు మాత్రమే లెక్కపెట్టి, బి, సి సెంటర్ల కలెక్షన్లు అసలు చూడకుండా హిట్టా ఫ్లాపా తేలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. వేల సంఖ్యలో అమ్ముడుపోయిన లవర్స్ రాక్ రికార్డులు అధికారిక చార్టులో జాడ లేకుండా పోయాయి.

రేడియో పరిస్థితీ అంతే. పగటిపూట జాతీయ స్టేషన్లలో రెగే వినబడేది చాలా తక్కువ. లండన్ స్థానిక స్టేషన్లలో వారాంతాల్లో కొన్ని గంటలు ప్రత్యేక కార్యక్రమం ఉండేది. మరి పాట జనంలోకి వెళ్ళేది ఎలా? సౌండ్ సిస్టమ్ ద్వారా. మనిషి ఎత్తు స్పీకర్ పెట్టెలు, సొంతంగా చేయించుకున్న ఆంప్లిఫయర్లు, ఒక వ్యాన్, నలుగురైదుగురు కుర్రాళ్ళు. శనివారం రాత్రి ఎవరో ఒకరి ఇంట్లో 'బ్లూస్' పార్టీ. ముందు గదిలో సామాన్లు తీసేసి స్పీకర్లు పెడతారు. గుమ్మం దగ్గర కొద్ది డబ్బు తీసుకుంటారు. వంటింట్లో మేక కూర, అన్నం అమ్ముతారు. పాట బాగుంటే ఆ గదిలోనే తెలిసిపోతుంది. 'మళ్ళీ పెట్టు' అని గోడలు చరుస్తారు. సోమవారం దుకాణం దగ్గర ఆ రికార్డు కోసం అడుగుతారు. ఇది సొంత రేడియో, సొంత చార్టు, సొంత పంపిణీ ఉన్న ప్రపంచం. బయటివాళ్ళకు కనబడదు, అంతే.

కాబట్టి 'సిల్లీ గేమ్స్' రెండో స్థానానికి వెళ్ళడమంటే ఆ కనబడని ప్రపంచం గోడ దాటి ఇవతలికి ఒకసారి పొంగడం. ఇవతలివాళ్ళు చూసింది ఆ ఒక్కసారే. అందుకే వాళ్ళ పుస్తకంలో జానెట్‌కు ఒక్క హిట్. గోడకు అవతల ఆమె అంతకు ముందూ హిట్టే, తర్వాతా హిట్టే.

ఇళ్ళలో పార్టీలు ఎందుకు పెట్టుకునేవాళ్ళన్నదీ తెలియాలి. ఊరి మధ్య క్లబ్బుల్లో చాలాచోట్ల నల్లజాతి యువతను గుమ్మం దగ్గరే వెనక్కి పంపేవాళ్ళు. వీధిలో నిలబడితే 1824 నాటి వ్యాగ్రెన్సీ చట్టం ఉంది. 'సస్' అని పిలిచే ఆ నిబంధన కింద, నేరం చేసే ఉద్దేశంతో తిరుగుతున్నట్టు అనుమానం వస్తే చాలు, పోలీసులు అరెస్టు చేయొచ్చు. 1981లో గానీ అది రద్దు కాలేదు. అదే 1981 జనవరి 18 తెల్లవారుజామున న్యూ క్రాస్ రోడ్డులోని ఒక ఇంట్లో పుట్టినరోజు పార్టీ జరుగుతుండగా మంటలు అంటుకుని 13 మంది నల్లజాతి యువతీయువకులు చనిపోయారు. ప్రభుత్వం, పత్రికలు పట్టించుకోలేదన్న కోపంతో మార్చి 2న వేల మంది లండన్ వీధుల్లో నడిచారు. అలాంటి ఊళ్ళో ఒక గది, మసక వెలుతురు, ఇద్దరు దగ్గరగా నిలబడి నెమ్మదిగా ఆడే పాట. ఆ మూడు నిమిషాలు ఎవరూ అనుమానంగా చూడరు. లవర్స్ రాక్‌లో రాజకీయాలు లేవనే విమర్శ నేను ఒప్పుకోలేను. తన మీద అధికారం చేసేవాడి గురించి పాడటం ఒక పని. వాడు లేని గదిలో తన ప్రేమ గురించి పాడుకోవడం ఇంకో పని. రెండోది తేలికని నాకు అనిపించదు.

విమర్శకులు మాత్రం ఆ రోజుల్లో దీన్ని తేలిక పాటగానే చూశారు. 1979లో బొవెల్ చేతి మీదుగా వచ్చినవాటిలో మూడు చూడండి. లింటన్ క్వేసీ జాన్సన్ కవితల ఆల్బమ్ 'ఫోర్సెస్ ఆఫ్ విక్టరీ'. పంక్ అమ్మాయిల బృందం 'ద స్లిట్స్' ఆల్బమ్ 'కట్'. ఆపైన 'సిల్లీ గేమ్స్'. మొదటి రెండింటినీ గొప్ప రచనలుగా, సాహసాలుగా పత్రికలు చర్చించాయి, ఇప్పటికీ చర్చిస్తాయి. మూడోది సరదా పాట. మూడింటి వెనకా ఉన్నది ఒకటే చెవి, ఒకటే బేస్. తేడా ఒక్కటే. మూడోదాన్ని కొన్నది ఎక్కువగా నల్లజాతి అమ్మాయిలు, నర్సులు, టైపిస్టులు, బడి పిల్లలు. వాళ్ళ అభిరుచిని అభిరుచిగా లెక్కించే అలవాటు అప్పటి పత్రికలకు లేదు.

అలాగని లవర్స్ రాక్ అంతా బంగారం అనను. తొందరగా చేసిన రికార్డులు చాలా ఉన్నాయి. అమెరికన్ పాటలను మక్కీకి మక్కీ దించినవి, శ్రుతి నిలవని గొంతులు, ఒకే బేస్ బాణీ మీద పది పాటలు. చిన్న నిర్మాతలు, చిన్న బడ్జెట్లు, మధ్యాహ్నానికి పాట పూర్తి చేసి స్టూడియో ఖాళీ చేయాల్సిన పరిస్థితి. ఇందులోంచి జానెట్ రికార్డులు, క్యారల్ థాంప్సన్ 1981లో తెచ్చిన 'హోప్‌లెస్‌లీ ఇన్ లవ్' లాంటివి రావడం చూస్తే వాళ్ళ ప్రతిభ ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

హిట్ తర్వాత జానెట్ ఏం చేసింది? పాడుతూనే ఉంది. 'క్యాప్రికార్న్ వుమన్' అనే ఆల్బమ్ వచ్చింది. ఆ పేరు ఆమె పుట్టిన రాశిదే. నాటకాల్లోకీ వెళ్ళింది. 1983 నుంచి 1985 దాకా చానల్ ఫోర్‌లో వచ్చిన 'నో ప్రాబ్లమ్' అనే కామెడీ సీరియల్‌లో ఏంజెల్ పాత్ర ఆమెది. తల్లిదండ్రులు జమైకాకు తిరిగి వెళ్ళిపోతే విల్స్‌డెన్ గ్రీన్‌లోని ఇంట్లో సొంతంగా బతికే పిల్లల కథ అది. బ్లాక్ థియేటర్ కోఆపరేటివ్ నటులతో కలిసి దాన్ని రాసింది ఇద్దరు. ఒకరు ట్రినిడాడ్ నుంచి వచ్చిన ముస్తఫా మతూరా, ఇంకొకరు మన పుణెలో పుట్టి పెరిగిన ఫరూఖ్ ధోండీ. తను పుట్టిన పేట కథలోనే నటించే అవకాశం ఎంతమందికి వస్తుంది?

ఈలోగా లవర్స్ రాక్ రుచి వేరేవాళ్ళ ద్వారా ప్రపంచమంతా తిరిగింది. 1982లో 'కల్చర్ క్లబ్' అనే పాప్ బృందం మొదటి పెద్ద హిట్ మెత్తటి రెగే నడక మీదే నిలబడింది. 1983లో యూబీ40 బృందం 'రెడ్ రెడ్ వైన్'తో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. మ్యాక్సీ ప్రీస్ట్ సంగతి ఇంకా నేర్పుతుంది. దక్షిణ లండన్‌లోని లూయిషమ్‌లో పుట్టిన అతను సౌండ్ సిస్టమ్‌కు స్పీకర్ పెట్టెలు చేసిన వడ్రంగి. పాడటం మొదలుపెట్టాడు, పెద్ద కంపెనీ చేయి పట్టుకుంది, 1990లో 'క్లోజ్ టు యూ' అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. అతని ప్రతిభను తక్కువ చేయను. కానీ వరుసగా ఆల్బమ్‌లు, వీడియోలు, అమెరికా ప్రచారం అనే ఆ యంత్రాంగం లవర్స్ రాక్ అమ్మాయిల్లో ఎవరి వెనకా అలా నిలబడలేదు. గొంతు ఒక్కటే సరిపోదు, దాన్ని అమ్మే ఏర్పాటు కావాలి.

1990లోనే లిండీ లేటన్ 'సిల్లీ గేమ్స్'ను కొత్తగా పాడితే, జానెట్ కూడా అందులో గొంతు కలిపింది. అది 22వ స్థానానికి వెళ్ళింది. అంటే అధికారిక చార్టు లెక్కలోనే 'ఒక్క హిట్' మాట కచ్చితం కాదు. ఆ దశాబ్దంలో ఆమెకు పెద్ద ఆదరణ దొరికింది జపాన్‌లో. అక్కడి శ్రోతలకు లవర్స్ రాక్ అంటే ఎంతో ఇష్టం. ఆమె రికార్డులు అక్కడ పెద్ద కంపెనీ ద్వారానే విడుదలయ్యాయి. లండన్ పట్టించుకోని గాయనికి టోక్యో వేదిక వేసింది.

బ్రిటన్ తిరిగి చూడటానికి చాలా ఏళ్ళు పట్టింది. 2011లో మెనలిక్ షబాజ్ లవర్స్ రాక్ చరిత్ర మీద డాక్యుమెంటరీ తీశాడు. 2020లో దర్శకుడు స్టీవ్ మెక్వీన్ 'స్మాల్ యాక్స్' పేరుతో తీసిన అయిదు సినిమాల్లో ఒకదాని పేరే 'లవర్స్ రాక్'. 1980 నాటి పశ్చిమ లండన్‌లో ఒక ఇంట్లో ఒక రాత్రి జరిగే బ్లూస్ పార్టీయే కథంతా. అందులో 'సిల్లీ గేమ్స్' పెడతారు. పాట అయిపోతుంది, గదిలో ఉన్నవాళ్ళు ఆపరు. వాద్యాలు లేకుండా, కాళ్ళతో తాళం వేస్తూ, నిమిషాల తరబడి పాడుతూనే ఉంటారు. ఆ స్వరం వచ్చిన ప్రతిసారీ అమ్మాయిలు తలలు పైకెత్తి అందుకోవడానికి చూస్తారు. కొందరికి అందుతుంది, కొందరికి అందదు. ఆ గుంపులో ఆడుతున్నవాళ్ళలో డెన్నిస్ బొవెల్ కూడా ఉన్నాడు. పాట అసలు ఎక్కడ బతికిందో ఏ చార్టూ చెప్పలేనిది ఆ సన్నివేశం చెప్పింది.

వినడం మొదలుపెట్టాలనుకునేవాళ్ళు 'సిల్లీ గేమ్స్' చిన్న రేడియో రూపం కాకుండా పన్నెండు అంగుళాల రికార్డు మీద వచ్చిన పొడుగు రూపం వెతకండి. ఆ తర్వాత 'లవిన్ యూ', లూయీసా మార్క్, క్యారల్ థాంప్సన్. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు. అందులో జానెట్ గొంతు వినబడుతుంది గానీ, ఆ గొంతు దేని మీద నిలబడిందో ఆ బేస్ వినబడదు.